మొక్కల అణువుల డేటాబేస్: స్ట్రక్చర్ పెట్టి వెతికితే చాలాసేపు పడుతోంది, ఇండెక్స్ ఎలా పెట్టాలి?

మిరప_డేటా (హనుమకొండ)
అందరికీ నమస్కారం. నేను ఫార్మసీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మన ఉత్తర తెలంగాణలో పండే పంటల్లో, అడవి మూలికల్లో ఏయే రసాయనాలు ఉన్నాయో ఒక్కచోట చేర్చడం మా ల్యాబ్ పని. చపాటా మిర్చి, పసుపు, అల్లంతో మొదలుపెట్టి ఇప్పుడు ఏటూరునాగారం వైపు మూలికల దాకా వచ్చాం. బయటి డేటాబేస్‌ల నుంచి తెచ్చుకున్నవి కూడా కలిపితే అరవై వేల దాకా స్ట్రక్చర్లున్నాయి. అన్నీ స్మైల్స్ (అణువును అక్షరాల వరసగా రాసే పద్ధతి) రూపంలో ఒక సీఎస్‌వీ ఫైల్లో ఉన్నాయి.

పైథాన్‌లో ఆర్‌డీకిట్ అనే కెమిస్ట్రీ లైబ్రరీ పెట్టి ఒక్కో వరస చదవడం, దాన్ని అణువుగా మార్చడం, అడిగిన ముక్క అందులో ఉందో లేదో చూడడం. ఇప్పుడు ఇంతే చేస్తున్నాను. ప్రతి వెతుకులాటకూ ఫైలంతా మొదటి నుంచి చదవాల్సి వస్తోంది. నేనొక్కదాన్నే అయితే ఓపిక పట్టొచ్చు, కానీ త్వరలో బోటనీ వాళ్లు కూడా దీన్ని వాడతారు.

మాకు కావాల్సినవి మూడు. ఈ అణువు మా దగ్గర ఉందా? ఈ ముక్క ఏయే అణువుల్లో ఉంది? దీన్ని పోలినవి ఏమేం ఉన్నాయి? మూడింటికీ పనికొచ్చే ఇండెక్స్, అంటే ఫైలంతా చదవకుండానే కావాల్సింది చూపించే పట్టీ, ఒకటి ఉంటుందా?

మడికొండ_డెవ్
స్మైల్స్ అంటే టెక్స్టే కదా మేడం. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో వేసి ఆ కాలమ్ మీద మామూలు బీ-ట్రీ ఇండెక్స్ పెట్టండి. ముక్క కోసమైతే లైక్ (అక్షరాల ముక్కను వెతికే ఆదేశం) వాడొచ్చు, దానికి మూడేసి అక్షరాలతో పనిచేసే ట్రైగ్రామ్ ఇండెక్స్ ఉంది. అరవై వేల వరసలంటే డేటాబేస్‌కు లెక్కే కాదు.

బెంజీన్_రింగు
పోస్ట్‌గ్రెస్ సలహా మంచిదే అన్నా, కానీ స్మైల్స్‌ను టెక్స్ట్‌గా చూస్తే తప్పు జవాబులు వస్తాయి. ఇథనాల్‌ను సీసీఓ అని రాసినా సరైనదే, ఓసీసీ అని రాసినా సరైనదే. అణువు నిజానికి ఒక గ్రాఫ్: పరమాణువులు బిందువులు, బంధాలు గీతలు. ఆ గ్రాఫ్‌లో ఎక్కడ నుంచి నడక మొదలుపెట్టాం, కొమ్మ వచ్చినచోట ఎటు తిరిగాం అన్నదాన్ని బట్టి అక్షరాల వరస మారుతుంది. కాస్త పెద్ద అణువైతే ఒకేదాన్ని వందల రకాలుగా రాయొచ్చు.

ముక్కల విషయంలో లైక్ ఇంకా ప్రమాదం. రింగు వచ్చినచోట స్మైల్స్ ఒక బంధాన్ని తెంచి, రెండు చివరలకూ ఒకే అంకె వేస్తుంది. అణువులో పక్కపక్కన ఉన్న రెండు కార్బన్లు అక్షరాల్లో ఎక్కడెక్కడో పడతాయి. దొరకాల్సిన అణువులు దొరకవు, దొరకలేదన్న సంగతి కూడా మనకు తెలియదు. రీసెర్చ్‌లో నాకు అన్నిటికంటే భయం వేసేది దీనికే. నెమ్మదిగా వచ్చే జవాబునైనా భరించొచ్చు.

మేడం, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. మీరు అడుగుతున్నవి మూడు వేరువేరు ప్రశ్నలు, వాటికి మూడు వేరువేరు ఇండెక్సులు కావాలి. ఒక్కదానితో మూడూ చేయించాలని చూడొద్దు.

ముందు తేలికైనది, "ఇది ఉందా?". దీనికి అణువును ఎవరు ఎలా గీసినా ఒకటే వచ్చే పేరు కావాలి. అంతర్జాతీయ కెమిస్ట్రీ సంఘం ఐయూపీఏసీ వాళ్ల ఇంచీ అందుకే పుట్టింది, 2005లో మొదటి వెర్షన్ వచ్చింది. ఇంచీ పొడవుగా ఉంటుంది కాబట్టి దాన్ని హ్యాష్ చేసి, అంటే లెక్కకట్టి చిన్న కోడ్‌గా కుదించి, ఇంచీ కీ తయారుచేస్తారు. గీతలతో కలిపి 27 అక్షరాలు, ఏ అణువుకైనా అంతే పొడవు. ఈ కాలమ్ మీద మీరన్న బీ-ట్రీ సరిగ్గా సరిపోతుంది అన్నా. అరవై వేలు కాదు, కోట్లలో ఉన్నా జవాబు వెంటనే వస్తుంది.

మడికొండ_డెవ్
అర్థమైంది. హ్యాష్ అంటున్నారు కదా, రెండు వేరే అణువులకు ఒకే కీ వచ్చే ప్రమాదం లేదా?

బెంజీన్_రింగు
సిద్ధాంతపరంగా ఉంది. అరవై వేలలో అది ఎదురయ్యే అవకాశం లేనంత తక్కువ. టెన్షన్ ఉంటే కీతో పాటు పూర్తి ఇంచీని కూడా దాచుకుని, కీ కలిసినప్పుడు దాన్నీ పోల్చండి.

అంతకంటే ముఖ్యం, కీ లోపల మూడు భాగాలు ఉంటాయి. మొదటి 14 అక్షరాలు అస్థిపంజరం లాంటివి: ఏ పరమాణువు దేనికి అతుక్కుంది, హైడ్రోజన్లు ఎక్కడున్నాయి అన్నది. తర్వాతి 10లో త్రిమితీయ అమరిక, ఐసోటోపుల సంగతి ఉంటుంది. చివరి ఒక్క అక్షరం ప్రోటాన్ల లెక్క. అందుకని మొదటి 14ను విడిగా ఇంకో కాలమ్‌లో పెట్టి దానికీ ఇండెక్స్ వేయండి.

మీ మిర్చి ఉదాహరణే తీసుకుందాం. క్యాప్సైసిన్‌లో ఒక డబుల్ బాండ్ ఉంది, మిరపలో ఉండేది ట్రాన్స్ రూపం. సిస్ రూపానికి జుకాప్సైసిన్ అని వేరే పేరుంది, దాన్ని మందుగా కూడా తయారుచేశారు. పూర్తి కీతో వెతికితే రెండూ వేరు. మొదటి 14తో వెతికితే రెండూ కలిసి వస్తాయి. ఎవరో డబుల్ బాండ్ దిశ గుర్తించకుండా ఎక్కించిన మూడో క్యాప్సైసిన్ ఉంటే అది కూడా అప్పుడే బయటపడుతుంది. అన్నట్టు, కీలో రెండో భాగం యూ-హెచ్-ఎఫ్-ఎఫ్-ఎఫ్-ఏ-ఓ-వై-ఎస్-ఏ అని ఉంటే అందులో అమరిక సమాచారం ఏదీ లేదని అర్థం. ఆస్పిరిన్ లాంటి వాటికి అది సహజం, వాటికి అమరిక అక్కర్లేదు. మొక్కల ఆల్కలాయిడ్ పక్కన అది కనిపిస్తే మాత్రం ఆ ఎంట్రీని ఒకసారి చూడాల్సిందే.

జగిత్యాల_పసుపు
నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. కోడింగ్ పెద్దగా రాదు, కానీ ఇక్కడొక సంగతి అడగాలి. కర్క్యుమిన్‌ను కొన్ని పుస్తకాల్లో రెండు కీటో గ్రూపులతో గీస్తారు, కొన్నిట్లో ఈనాల్ రూపంలో గీస్తారు. అది రెండు రూపాల మధ్యా అటూ ఇటూ మారుతూనే ఉంటుంది, చాలా ద్రావణాల్లో ఈనాల్ రూపమే ఎక్కువ. మీ ఇంచీ కీ ఈ రెంటినీ ఒకటే అంటుందా?

బెంజీన్_రింగు
చాలా మంచి ప్రశ్న సార్. ఒకటి అనదు. ప్రామాణిక ఇంచీ నైట్రోజన్, ఆక్సిజన్ లాంటి వాటి మధ్య తిరిగే హైడ్రోజన్‌ను చాలావరకు పట్టుకుంటుంది. కీటో-ఈనాల్‌లో హైడ్రోజన్ కార్బన్ మీదకు వెళ్తుంది కదా, దాన్ని మామూలు సెట్టింగ్‌లో పట్టించుకోదు. ఆక్సాలోఎసిటిక్ ఆసిడ్ లాంటి వాటికీ ఇదే ఇబ్బంది. కర్క్యుమిన్ రెండు రూపాలకూ మొదటి 14 అక్షరాలే వేరుగా వస్తాయి. అంటే పసుపు మీద కడుతున్న డేటాబేస్‌లో పసుపులోని ముఖ్య పదార్థమే రెండుసార్లు కూర్చుంటుంది.

మిరప_డేటా
ఇప్పుడే చూశాను సార్, నిజంగానే రెండున్నాయి! రెండూ వేరువేరు మూలాల నుంచి వచ్చాయి. ఒకదాని పక్కన నిజామాబాద్ రకాల వివరాలు, ఇంకోదాని పక్కన సాహిత్యం నుంచి తెచ్చిన వివరాలు ఉన్నాయి. మరి వీటిని కలపడం ఎలా?

బెంజీన్_రింగు
ఇండెక్స్ కంటే ముందు చేయాల్సిన పని ఇది. నా మాట వింటే మీ సమయంలో ఎక్కువ భాగం దీనికే ఇవ్వండి. స్ట్రక్చర్లు శుభ్రంగా లేకపోతే ఎంత వేగమైన ఇండెక్స్ అయినా తప్పునే వేగంగా తెచ్చిపెడుతుంది.

మొదట లవణాలు. మన అడవుల ముషిణి గింజల్లో స్ట్రిక్నిన్ ఉంటుంది. ఒక మూలంలో ఉత్త స్ట్రిక్నిన్, ఇంకో మూలంలో స్ట్రిక్నిన్ సల్ఫేట్ అని ఉంటాయి. మొక్క గురించి అడిగేవాళ్లకు రెండూ ఒకటే. లవణం భాగాన్ని తీసేసి, తీయగలిగినచోట చార్జ్‌ను కూడా తీసేసి, మిగిలిన మూల అణువుకు కీ లెక్కించండి. తర్వాత కర్క్యుమిన్ లాంటి టాటోమర్లు, అంటే హైడ్రోజన్ చోటు మారుతూ వేరే రూపాల్లో కనిపించేవి. ఆర్‌డీకిట్‌లో వీటన్నిటికీ మాల్‌స్టాండర్డైజ్ అనే మాడ్యూల్ ఉంది. అందులోని టాటోమర్ ఎన్యూమరేటర్ అన్ని రూపాలూ తయారుచేసి, ప్రతిసారీ ఒకేదాన్ని ఎంచుకుంటుంది.

ఒక్క హెచ్చరిక. ఆ ఎంచుకున్న రూపం ప్రకృతిలో ఎక్కువగా ఉండే రూపమే అవ్వాలని లేదు. అంతేకాదు, మామూలు సెట్టింగ్‌లో టాటోమర్‌లో పాల్గొన్న డబుల్ బాండ్ల సిస్-ట్రాన్స్ సమాచారాన్ని అది తీసేస్తుంది. అందుకని అసలు స్ట్రక్చర్ మీద రాయొద్దు. వచ్చింది వచ్చినట్టు ఒక కాలమ్‌లో, శుభ్రం చేసినది ఇంకో కాలమ్‌లో, టాటోమర్ కీ మూడో కాలమ్‌లో పెట్టండి. మొదటిదాన్ని ఎప్పటికీ ముట్టుకోవద్దు.

కాజీపేట_జంక్షన్
అక్కా, నేను బీటెక్ మూడో సంవత్సరం. ముక్క వెతకడం గురించి చెప్పండి. ఒక గ్రాఫ్‌లో ఇంకో గ్రాఫ్ ఉందా అని చూడడం ఎన్‌పీ-కంప్లీట్, అంటే వేగమైన పద్ధతి తెలియని గడ్డు సమస్య అని క్లాసులో చెప్పారు. మరి దానికి ఇండెక్స్ ఎట్లా పెడతారు?

బెంజీన్_రింగు
నీ సార్ చెప్పింది నిజమే తమ్మీ. కానీ అది ఏ గ్రాఫ్ ఇచ్చినా ఎదురయ్యే గడ్డు పరిస్థితి గురించి. అణువులు చిన్నవి, ఒక కార్బన్‌కు నాలుగు బంధాలకు మించవు, పైగా పరమాణువులకు పేర్లున్నాయి. అందుకని 1976 నాటి ఉల్మన్ పద్ధతి, తర్వాత వచ్చిన వీఎఫ్2 లాంటివి ఆచరణలో బాగానే నడుస్తాయి. అరవై వేల అణువుల మీదా ఆ పోలిక నడపడంలోనే అసలు ఖర్చు ఉంది. ఇండెక్స్ పని ఆ పోలికను వేగం చేయడం కాదు, దాని దాకా వెళ్లే అణువుల సంఖ్యను తగ్గించడం.

ఎనుమాముల మార్కెట్లో కొనేవాళ్లు ప్రతి బస్తాలో కాయను విరిచి చూడరు. దూరం నుంచి రంగు చూసి చాలా కుప్పలు దాటేస్తారు, నిలబడ్డ చోటే చేయి పెట్టి చూస్తారు. ఇక్కడ ఆ పని చేసేది ఫింగర్‌ప్రింట్. ప్రతి అణువుకూ ముందే ఒక 2048 బిట్ల వరస లెక్కించి పెట్టుకుంటాం. అందులో ఉన్న చిన్నచిన్న నమూనాలను బట్టి కొన్ని బిట్లు 1 అవుతాయి. అడిగిన ముక్కకూ అలాగే లెక్కిస్తాం. ముక్కలో 1 ఉన్న ప్రతిచోటా అణువులోనూ 1 ఉండాలి. ఒక్కచోట లేకపోయినా ఆ ముక్క అందులో లేదని కచ్చితంగా చెప్పేయొచ్చు, గ్రాఫ్ దాకా వెళ్లక్కర్లేదు. అన్నీ ఉంటే "ఉండొచ్చు" అని అర్థం, అప్పుడు అసలు పోలిక చేస్తాం. ఈ వడపోతలో అక్కర్లేనివి కొన్ని పైకి రావొచ్చు, కావాల్సినది మాత్రం ఒక్కటీ జారిపోకూడదు.

కాజీపేట_జంక్షన్
మోర్గాన్ ఫింగర్‌ప్రింట్ గురించి చదివాను. అదే వాడొచ్చా?

బెంజీన్_రింగు
దీనికి వద్దు, చాలామంది ఇక్కడే తడబడతారు. మోర్గాన్ ప్రతి పరమాణువు చుట్టూ ఒక గీత దూరం, రెండు గీతల దూరం ఎవరెవరున్నారో మొత్తంగా చూసి బిట్ వేస్తుంది. నువ్వు ఇచ్చిన ముక్క అంచున ఉన్న కార్బన్‌కు చుట్టుపక్కల తక్కువ మంది ఉంటారు. అదే కార్బన్ పెద్ద అణువులో ఉన్నప్పుడు ఇంకో పొరుగువాడు ఉంటాడు. పొరుగు మారితే బిట్ మారుతుంది. దాంతో నిజంగా ముక్క ఉన్న అణువు కూడా వడపోతలో పోతుంది. ముక్కలకు ఆర్‌డీకిట్‌లో ప్యాటర్న్ ఫింగర్‌ప్రింట్ అని వేరేది ఉంది, దాన్ని ఈ పని కోసమే తయారుచేశారు. మోర్గాన్‌ను పోలికలకు వాడుకో, అక్కడ అది బాగా పనిచేస్తుంది. దాని మూలం 1965లో కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్‌లో మోర్గాన్ రాసిన పద్ధతి, ఇప్పుడు వాడుతున్న ఈసీఎఫ్‌పీ రూపాన్ని వివరించిన పేపర్ 2010లో వచ్చింది.

మడికొండ_డెవ్
పోస్ట్‌గ్రెస్‌కు ఆర్‌డీకిట్ ఎక్స్‌టెన్షన్ ఉందని ఇప్పుడే చూశాను. మా ఇంట్లో మెషీన్‌లో పెట్టి ప్రయత్నించాను, మేడంకు పనికొస్తుందని రాస్తున్నా. అణువులకు ప్రత్యేకంగా ఒక కాలమ్ రకం వస్తుంది, దానిమీద జిస్ట్ అనే చెట్టు రకం ఇండెక్స్ పెట్టాలి. ముక్క ఉందా అని అడగడానికి @> గుర్తు. ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ (క్వెరీ ఎలా నడిచిందో చూపే ఆదేశం) పెట్టి చూస్తే ఇండెక్స్ వాడుతోంది, తర్వాత రీచెక్ అని కూడా చూపిస్తోంది. అక్క చెప్పిన రెండు మెట్లూ అవే అనుకుంటా.

బెంజీన్_రింగు
అవే. జిస్ట్ చెట్టులో పై కొమ్మ దగ్గర కింద ఉన్న అణువులన్నిటి బిట్లనూ కలిపి ఉంచుతుంది. ఆ కలిపిన వరసలోనే మీ ముక్క బిట్లు లేకపోతే కొమ్మ మొత్తం ఒక్కసారే పోతుంది. రీచెక్ అంటే అసలు గ్రాఫ్ పోలిక.

మిరప_డేటా
పెట్టాను, పనిచేస్తోంది! హైడ్రాక్సీ, దాని పక్కనే మెథాక్సీ ఉన్న బెంజీన్ రింగును ముక్కగా ఇచ్చాను, గ్వాయాకోల్ అంటాం. మిరప నుంచి క్యాప్సైసిన్, పసుపు నుంచి కర్క్యుమిన్, అల్లం నుంచి జింజెరాల్, లవంగం నుంచి యూజెనాల్, వెనిల్లిన్ అన్నీ వరసగా వచ్చాయి. వేరువేరు మొక్కలవి ఒకే ముక్క కింద ఇలా కనిపిస్తుంటే చాలా సంతోషంగా ఉంది. కానీ ఉత్త బెంజీన్ రింగు ఇస్తే మళ్లీ నెమ్మదిస్తోంది. ఇండెక్స్‌లో లోపమా?

బెంజీన్_రింగు
లోపం కాదు. మొక్కల రసాయనాల్లో సగానికి పైగా ఏదో ఒక బెంజీన్ రింగు ఉంటుందనుకోండి, అప్పుడు వడపోత ఎవరినీ ఆపదు, అందరూ అసలు పోలిక దాకా వస్తారు. అంత సాధారణమైన ముక్కకు ఏ ఇండెక్స్ సాయం చేయదు. తెర మీద మొదటి వందే చూపించండి, క్వెరీకి లిమిట్ పెట్టండి. నిజంగా అన్నీ కావాల్సినవాళ్లకు ఫైల్‌గా తయారుచేసి ఇవ్వండి. రింగు ఉందా, నైట్రోజన్ ఉందా లాంటి తరచూ అడిగేవాటికి ముందే లెక్కించి అవును-కాదు కాలమ్‌లు పెట్టుకోవచ్చు.

ఓరుగల్లు_పైథాన్
ఇదంతా పాత పద్ధతి అనిపిస్తోంది. ఇప్పుడు వెక్టర్ డేటాబేస్‌లున్నాయి, అంకెల వరసల్లో దగ్గరివాటిని అవి వెతికిపెడతాయి. మోర్గాన్ వరసలను పోస్ట్‌గ్రెస్‌కే ఉన్న పీజీవెక్టర్ ఎక్స్‌టెన్షన్‌లో వేసి హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఇండెక్స్ పెడితే పోలికలు క్షణంలో వస్తాయి. బిట్లకు జాకార్డ్ దూరం కూడా ఉంది, అది ఒకటిలోంచి టానిమోటో అనే పోలిక స్కోరు తీసేస్తే వచ్చేదే.

బెంజీన్_రింగు
పాతదని వదిలేయాల్సిన పని లేదు, కొత్తదని దూరం పెట్టాల్సిన పనీ లేదు. లెక్క చూద్దాం. 2048 బిట్లంటే 256 బైట్లు. అరవై వేలకు 15 ఎంబీ, అంటే ఫోన్లో తీసిన కొన్ని ఫొటోలంత. బిట్లు లెక్కపెట్టడానికి ప్రాసెసర్‌లోనే పాప్‌కౌంట్ ఆదేశం ఉంది. మొత్తం ర్యామ్‌లో పెట్టి మొదటి నుంచి చివరి దాకా పోల్చినా కొన్ని మిల్లీసెకన్ల పని, పైగా జవాబు కచ్చితం. హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ ఉజ్జాయింపు పద్ధతి, దగ్గరి అణువు ఒకటి రాకుండా పోవచ్చు. ఈ పరిమాణానికి ఆ బేరం అక్కర్లేదు. పబ్‌కెమ్ లాంటి 11 కోట్లకు పైగా అణువులంటే ఉత్త ఫింగర్‌ప్రింట్లే 28 జీబీ అవుతాయి, అక్కడైతే మీ మాట ఆలోచించాల్సిందే. ముక్కల ప్రశ్నకు మాత్రం వెక్టర్ దూరం ఎక్కడా జవాబు కాదు.

అందరి కోసం టానిమోటో కూడా చెప్తాను. ఒకదాంట్లో 50 బిట్లు, ఇంకోదాంట్లో 60, రెంటిలో ఉమ్మడిగా 44 అనుకోండి. 50, 60 కలిపి అందులోంచి 44 తీస్తే 66. 44ను 66తో భాగిస్తే 0.67. ఇందులో ఒక చక్కటి సౌకర్యం ఉంది. మీ ప్రశ్న అణువులో 50 బిట్లుండి, 0.8కి తగ్గకుండా కావాలంటే, 40 కంటే తక్కువ, 62 కంటే ఎక్కువ బిట్లున్న అణువులను చూడనే అక్కర్లేదు. ఎంత ఉమ్మడిగా ఉన్నా వాటికి 0.8 రాదు. ఫింగర్‌ప్రింట్లను బిట్ల సంఖ్య ప్రకారం సర్ది పెట్టుకుంటే ఆ మధ్య ముక్క చదివితే చాలు. స్వామిదాస్, బాల్దీ 2007లో ఈ హద్దును వివరంగా రాశారు. కెమ్‌ఎఫ్‌పీ, ఎఫ్‌పీసిమ్2 లాంటి సాఫ్ట్‌వేర్లు దీన్నే వాడతాయి.

ఓరుగల్లు_పైథాన్
28 జీబీ, 15 ఎంబీ పక్కపక్కన పెట్టి చూస్తే మీరన్నది సబబే. కచ్చితమైన జవాబు మిల్లీసెకన్లలో వస్తుంటే ఉజ్జాయింపు ఎందుకు. మేడం, కావాలంటే ఎఫ్‌పీసిమ్2 స్క్రిప్ట్ నేను రాసిస్తాను.

మిరప_డేటా
తప్పకుండా రాయండి అన్నా. పోస్ట్‌గ్రెస్‌లోనే పోలిక కూడా ప్రయత్నించాను. టానిమోటో ఫంక్షన్‌ను క్వెరీలోని వేర్ షరతులో పెట్టి 0.7 కంటే ఎక్కువ అని అడిగితే ఇండెక్స్ వాడడం లేదు.

మడికొండ_డెవ్
ఫంక్షన్ పెడితే ప్లానర్‌కు (క్వెరీని ఎలా నడపాలో నిర్ణయించే భాగానికి) ఇండెక్స్ సంగతి తెలియదు మేడం. % గుర్తు వాడాలి. హద్దును ఆర్‌డీకిట్ టానిమోటో థ్రెషోల్డ్ అనే సెట్టింగ్‌లో పెట్టాలి, మామూలుగా అది 0.5 ఉంటుంది. కనెక్షన్ మారితే సెట్టింగ్ మళ్లీ మొదటికొస్తుంది, వెబ్ అప్లికేషన్‌లో కనెక్షన్ పూల్ (తెరిచి ఉంచిన కనెక్షన్లను మార్చిమార్చి వాడుకునే ఏర్పాటు) ఉంటే ప్రతి క్వెరీకి ముందు పెట్టండి.

జగిత్యాల_పసుపు
క్యాప్సైసిన్‌కు, డైహైడ్రోక్యాప్సైసిన్‌కు మధ్య ఒక్క డబుల్ బాండే తేడా. వాటి స్కోరు దాదాపు 1 రావాలి కదా?

బెంజీన్_రింగు
మనం అనుకున్నంత రాదు సార్. ఆ డబుల్ బాండ్ పక్కనున్న కార్బన్లన్నిటి పొరుగు మారుతుంది, ఒక్క తేడాతో చాలా బిట్లు మారతాయి. 0.8 దగ్గర హద్దు గీస్తే ఇలాంటి తోబుట్టువులు బయట ఉండిపోవచ్చు. హద్దు ఎంత పెట్టాలన్నది మీలాంటి కెమిస్ట్రీ తెలిసినవాళ్లు తెలిసిన జంటలను తీసుకుని స్కోర్లు చూసి నిర్ణయించాలి. సాఫ్ట్‌వేర్ మామూలుగా ఇచ్చే అంకెను అలాగే వదిలేయొద్దు.

మిరప_డేటా
సార్, మీరు అలాంటి జంటల పట్టిక ఒకటి చేసిస్తారా? కర్క్యుమిన్, డీమెథాక్సీకర్క్యుమిన్, బిస్‌డీమెథాక్సీకర్క్యుమిన్ మూడూ పసుపులో కలిసే ఉంటాయి, వాటితో మొదలుపెట్టొచ్చు.

జగిత్యాల_పసుపు
చేసిస్తానమ్మా. అల్లంలో జింజెరాల్, షోగాల్ జంటను కూడా చేర్చుతాను. ఎండితే జింజెరాల్ నీరు కోల్పోయి షోగాల్ అవుతుంది కాబట్టి మీ బోటనీ వాళ్లు ఆ రెంటినీ తప్పకుండా కలిపి వెతుకుతారు.

కాజీపేట_జంక్షన్
చివరగా ఒకటి అక్కా. ఆర్‌డీకిట్ కొత్త వెర్షన్ వస్తే ఇవన్నీ మళ్లీ లెక్కించాలా?

బెంజీన్_రింగు
కెనానికల్ స్మైల్స్ (ఒక అణువుకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునే ఒకే రాత), ఫింగర్‌ప్రింట్లు అయితే అవును. వెర్షన్‌ను బట్టి అవి మారొచ్చు, సాఫ్ట్‌వేర్ మారితే కెనానికల్ స్మైల్స్ ఎలాగూ మారుతుంది. పాత ఫింగర్‌ప్రింట్లతో కొత్త ప్రశ్నను పోల్చితే జవాబు తప్పుతుంది, ఎర్రర్ మాత్రం రాదు. ఇంచీ కీ ఈ విషయంలో నిలకడగా ఉంటుంది, మూలాల మధ్య కలపడానికి దాన్నే వాడండి. డేటాబేస్‌లో ఒక చిన్న పట్టిక పెట్టి, ఏ వెర్షన్‌తో, ఎన్ని బిట్లతో, ఎంత వ్యాసార్ధంతో (మోర్గాన్ ఎన్ని గీతల దూరం దాకా చూసిందో) లెక్కించారో రాయండి. అప్లికేషన్ మొదలయ్యేటప్పుడు ఆ పట్టికను చూసి, వెర్షన్ కలవకపోతే ఆగిపోయేలా పెట్టండి. అరవై వేలను మళ్లీ లెక్కించడం పెద్ద పనేం కాదు, మామూలు ల్యాప్‌టాప్‌లోనే అయిపోతుంది.